బడి పిల్లలతో పాడైన నేలను బాగుచేయడం ఎలా? మొక్కల కంటే ముందు చేయాల్సిన పనులు

ఏటా జూలై వచ్చిందంటే ఎవరో ఒక టీచర్ ఫోన్ చేస్తారు. "సార్, నర్సరీ నుంచి మూడొందల మొక్కలు ఇస్తామన్నారు, మా బడి వెనక గుట్ట కింద జాగా ఖాళీగా పడుంది, పిల్లలతో నాటిద్దామనుకుంటున్నాను, ఎలా చేయమంటారు?" అని అడుగుతారు. ఈ ఏడాదికి మొక్కలు వద్దని చెప్పేయండి అంటాను. చాలామందికి నచ్చదు ఆ మాట.

నేనూ అట్లే మొదలుపెట్టాను కాబట్టి చెబుతున్నాను. మాది అనంతపురం వైపు ఒక హైస్కూలు. బడి వెనక రెండున్నర ఎకరాల వాలు నేల, ఎర్రమట్టి, మధ్యలో వాన నీళ్ళు కోసిన కాలవలు, కొన్నిచోట్ల మనిషి మోకాలి లోతు. ఆ ఏడాది పిల్లలందరితో 220 మొక్కలు నాటించాం, ఒక్కో మొక్క పక్కన పిల్లల పేర్లు రాసిన కర్రలు పాతాం, ఫోటోలు దిగాం. వేసవి సెలవులయ్యాక జూన్‌లో వెళ్ళి లెక్కపెడితే 17 మిగిలాయి. ఎనిమిదో తరగతి పాప ఒకతె తన కర్ర దగ్గర నిలబడి "నా పేరుంది సార్, చెట్టు లేదు" అంది. తప్పు ఆ పాపది కాదు, రోజూ నీళ్ళు మోసింది పాపం. తప్పు నాది, ఏ పని ముందు చేయాలో ఏది తర్వాత చేయాలో తెలియక చేశాను.

పాడైన నేలకు లేనిది మొక్కలు కాదు. పడిన వాన నిలవడం లేదు, పైమట్టి ఆగడం లేదు, తల ఎత్తిన ప్రతి చిగురునూ మేతో మంటో తినేస్తోంది. ఈ మూడింటికీ అడ్డం పడగలిగితే నేల తనంతట తానే చాలా మొలిపిస్తుంది. ఇది నా సొంత కవిత్వం కాదు, మా ఉమ్మడి అనంతపురం జిల్లాలోనే కళ్ళెదుట ఉన్నది. 1990లో చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు 32 ఎకరాల బీడు కొన్నారు. రాళ్ళు, ముళ్ళు తప్ప ఏమీ లేని నేల. మేత నుంచి, మంట నుంచి కాపాడి, నీళ్ళను అక్కడక్కడే ఆపేసరికి నేలలో బతికే ఉన్న పాత వేర్లు, మోడులు మళ్ళీ చిగురించాయి. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళతో కలిసి కల్పవల్లి పేరుతో వేల ఎకరాల గుట్టల్లో ఇదే పని జరిగింది. వీలైతే మీ పిల్లల్ని ఒక్క రోజైనా అటు తీసుకెళ్ళండి, పది పాఠాల పని ఒక్క నడకలో అయిపోతుంది.

నేను అనంతపురం నేలను మనసులో పెట్టుకునే రాస్తున్నాను. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, మిగతా నెలల కంటే ఎక్కువ పడేది సెప్టెంబర్, అక్టోబర్‌లలో. మీది ఖమ్మమో, శ్రీకాకుళమో అయితే నెలలు మారతాయి, చెట్ల పేర్లు కొన్ని మారతాయి, పనుల వరస మాత్రం మారదు.

నేల ఎవరిదో ముందు తేల్చుకోండి

ఖాళీగా కనబడే నేల ఏదీ నిజంగా ఖాళీ కాదు. కాగితం మీద ఒకరిది అయివుంటుంది, వాడకంలో ఇంకొకరిది అయివుంటుంది, రెండూ కనుక్కోవాలి. సర్వే నంబరు పట్టుకుని గ్రామ సచివాలయంలో, వీఆర్వో దగ్గర అడగండి. బడి స్థలమా, మేత పోరంబోకా, వంక పోరంబోకా, ఎవరికైనా డి-పట్టా (సర్కారు భూమి సాగుకు రాసిచ్చే పట్టా) ఇచ్చిన భూమా, ఫారెస్టా? ఫారెస్టు హద్దులో ఉంటే అటవీశాఖ నుంచి రాతపూర్వక అనుమతి లేకుండా ఒక్క రాయి కూడా కదపొద్దు. పంచాయతీ కింద ఉండే నేలైతే సర్పంచ్‌తో మాట్లాడి తీర్మానం రాయించుకోండి. నోటిమాట చాలులే అనుకుంటాం, రెండేళ్ళకు సర్పంచ్ మారతారు, మీకు ట్రాన్స్‌ఫర్ వస్తుంది, అప్పుడు ఆ ఒక్క కాగితమే నేలకు కాపలా.

వాడకం సంగతి కాగితంలో ఉండదు, పిల్లలు కనుక్కుంటారు. ఒక వారం పాటు ఉదయం, సాయంత్రం అటు ఎవరు వస్తున్నారో రాయమనండి. మా పిల్లల లిస్టులో నాలుగు గొర్రెల మందలు, పుల్లలకు వచ్చే ముగ్గురు అవ్వలు, రాత్రిపూట మట్టి తోలే ట్రాక్టర్, క్రికెట్ ఆడే పక్క వీధి పిల్లలు, చెంబు పట్టుకుని వచ్చేవాళ్ళు, అందరూ తేలారు. ఇంతమందితో మాట్లాడకుండా ఆ నేల చుట్టూ కంప వేస్తే నాలుగు రోజుల్లో కంప పొయ్యిలోకి పోతుంది.

గొర్రెల కాపరులతో మాట్లాడటమే అసలు పని

దీనికి మీరు అనుకున్నదానికంటే మూడింతలు టైం పెట్టుకోండి. మొదటిసారి నేను వెళ్ళి పర్యావరణం గురించి చెప్పబోయాను. ఒక పెద్దాయన కర్ర మీద గడ్డం ఆనించుకుని అంతా విని, "బాగుంది సార్, మీ పిల్లోళ్ళు చెట్లు నాటుకుంటే మా జీవాలు యాడికి పోవల్ల?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మళ్ళీ వెళ్ళాను, ఈసారి ఆరుగురు పిల్లల్ని తీసుకుని, వాళ్ళలో ఇద్దరు గొర్రెలు కాసే ఇళ్ళ పిల్లలే, ఏమీ చెప్పకుండా అడగడానికి వెళ్ళాం. నలభై ఏళ్ళ కిందట ఇక్కడ ఏముండేది తాతా, ఏ గడ్డి ఉండేది, ఏ చెట్టు కింద నీడ పట్టుకునేవాళ్ళు, వంకలో నీళ్ళు ఏ నెల దాకా ఉండేవి? రెండు గంటలు చెప్పాడాయన. బోద గడ్డి నడుం ఎత్తున ఉండేదని, ఇళ్ళ కప్పులకు కోసుకెళ్ళేవాళ్ళమని, ఇప్పుడు గుట్ట మీద బండల సందుల్లో మాత్రం మిగిలిందని చెప్పి, తర్వాతి వారం తానే విత్తనం తెచ్చి పిల్లల చేతిలో పోశాడు.

ఒప్పందం చాలా చిన్నది, అందుకే నిలబడింది. మొత్తం నేల మూసేయలేదు. మూడు ముక్కలు చేసి ఒక ముక్కలోకి రెండేళ్ళు మందలు రావు. నీళ్ళకు వెళ్ళే దారి అట్లే ఉంటుంది. మూసిన ముక్కలో గడ్డి పెరిగితే గింజ రాలాక కోసుకుని మోసుకెళ్ళే హక్కు మొదట ఆ నాలుగు మందలవాళ్ళదే. రెండేళ్ళయ్యాక ఆ ముక్క తెరిచి ఇంకోటి మూస్తాం. ఇదంతా పిల్లలే ఒక పేజీలో రాసి చదివి వినిపించారు, కాపరులు వేలిముద్రలు, సంతకాలు పెట్టారు. కంచె ఖర్చు లేదు. మేకలు తప్పిపోయి లోపలికి వచ్చిన రోజులున్నాయి, అప్పుడు పిల్లలు రాళ్ళు విసరకూడదు, పోయి చెప్పాలి. ఆ నియమం మీరు ముందే పెట్టండి.

వాన వెలిసిన వెంటనే చూడండి

మ్యాపు ఎండలో గీస్తే సగం తప్పే. గట్టి వాన పడి తెరిపిచ్చిన వెంటనే (ఉరుములు, పిడుగులు పూర్తిగా ఆగాకే) పిల్లల్ని అంచున నిలబెట్టి చూపించండి. నీళ్ళు ఎక్కడి నుంచి దిగుతున్నాయి, ఎక్కడ రెండు పాయలు కలుస్తున్నాయి, ఎక్కడ ఎర్రగా పోతున్నాయి, ఎక్కడ తేటగా పోతున్నాయి. ఎర్రగా పోయేచోట మట్టి పోతోంది. తేటగా పోయేచోట పైన గడ్డో రాళ్ళో ఉన్నాయి. ఈ ఒక్క తేడా పిల్లలే కనిపెట్టాలి, మీరు చెప్పేయొద్దు, కొంచెం ఓపిక పట్టండి, ఎవరో ఒకరు అరుస్తారు.

అదే రోజు రెండు సీసాల్లో ఆ నీళ్ళు పట్టి తరగతి గదిలో కిటికీ మీద పెట్టండి. మరుసటి ఉదయానికి అడుగున మట్టి పేరుకుంటుంది, స్కేలుతో కొలిచి గోడమీద రాయండి. ఇక వాన కొలత. అడ్డంగా కోసిన ప్లాస్టిక్ సీసా చాలు, కాకపోతే అడుగు సమంగా ఉండేది, పైనుంచి కింది దాకా ఒకే వెడల్పు ఉండేది తీసుకోవాలి. స్కేలు అతికించి చెట్ల నీడ పడని చోట పెట్టి, ప్రతి ఉదయం 8.30కి ఒక జట్టు చూసి రాయాలి. ఎకరం మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 40 వేల లీటర్ల పైనే. లెక్కల టీచర్‌తో చెప్పి ఈ లెక్క పిల్లలతోనే కట్టించండి. మా ఊళ్ళో ట్యాంకర్ అంటే 5 వేల లీటర్లు, ఎనిమిది ట్యాంకర్ల నీళ్ళు ఒక్క చిన్న వానకు వంకలోకి పోయాయా సార్ అని నోరు తెరిచారు. పని ఎందుకు చేయాలో ఇక నేను చెప్పాల్సిన పని పడలేదు.

పని మొదలుపెట్టకముందే కొలతలు తీసి పెట్టుకోండి

తర్వాత తీద్దాంలే అనుకుంటే ఇక తీయలేరు, ముందు ఎట్లా ఉండేదో నేల మీకు రెండోసారి చూపించదు. మూడే చాలు, ఎక్కువ పెట్టుకుంటే పిల్లలు విసిగిపోతారు.

ఫోటో: నాలుగు చోట్ల పెద్ద బండరాళ్ళకు సున్నంతో గుర్తు పెట్టి, అదే రాయి మీద నిలబడి, అదే దిక్కుకు, ప్రతి మూడు నెలలకోసారి తీయాలి.

చువ్వలు: రెండడుగుల ఇనుప చువ్వల్ని వాలు పైన, మధ్యలో, కింద అడుగున్నర లోతుకు దించి, బయట మిగిలిన పొడవు కొలిచి రాసిపెట్టండి. చివరలకు కాళ్ళు తగలకుండా పెయింట్ వేసిన ప్లాస్టిక్ మూతలు బిగించాలి. వానాకాలం అయ్యాక బయటి పొడవు పెరిగితే అంత మందం మట్టి పోయినట్టు, తగ్గితే మట్టి వచ్చి చేరినట్టు. ఎకరంలో ఒక్క మిల్లీమీటరు పోయిందంటే 5 టన్నుల పైనే మట్టి వెళ్ళిపోయిందని లెక్క. గోరు మందం కూడా లేనిదానికి అంత బరువా అని పిల్లలు నమ్మరు, కట్టి చూపించండి.

చట్రం: నాలుగు కర్రలతో మీటరు పొడవు, మీటరు వెడల్పు చట్రం కట్టి, పది చోట్ల వేసి, లోపల ఎన్ని రకాల మొక్కలున్నాయో లెక్కపెట్టాలి. శాస్త్రీయ నామాలు మొదట్లో వద్దు. ఇంటి దగ్గర అవ్వను అడిగి ఊరి పేరు తెమ్మనండి, పేరు దొరకకపోతే ఆకు అతికించి నంబరు వేయండి. మా రిజిస్టర్‌లో ఇప్పటికీ "14వ నంబరు గడ్డి" ఒకటి ఉంది, దాని పేరు ఎవరికీ తెలియదు, అయినా ప్రతి ఏడాదీ దాని లెక్క మాత్రం పక్కాగా ఉంటుంది.

సమమట్టం గీత కనుక్కోవడం

నీళ్ళను ఆపాలంటే వాలుకు అడ్డంగా, ఒకే ఎత్తులో గీత పట్టుకోవాలి. కంటికి సమంగా కనబడేది సమం కాదు. దీనికి ఏ-ఫ్రేమ్ చేయండి, ఖర్చు ఏమీ లేదు. ఆరడుగుల నిటారు కర్రలు రెండు ఒకే పొడవు చూసుకుని పైన కలిపి కట్టాలి, కాళ్ళు ఎడంగా పెట్టి మధ్యలో అడ్డకర్ర కట్టాలి, పైముడి నుంచి దారానికి ఒక రాయి వేలాడదీయాలి, మేస్త్రీ దగ్గర తూకం గుండు దొరికితే ఇంకా మంచిది. దారం అడ్డకర్రను దాటి కిందికి వేలాడాలి. ఇప్పుడు రెండు కాళ్ళు రెండు రాళ్ళమీద పెట్టి దారం అడ్డకర్రను తాకేచోట గీత గీయండి. కాళ్ళు అటుది ఇటు, ఇటుది అటు మార్చి, అవే రాళ్ళమీద పెట్టి మళ్ళీ గీయండి. రెండు గీతలకు సరిగ్గా మధ్యన మూడో గీత, అదే సమమట్టం. ఈ సవరణ చేయకుండా పొలంలోకి వెళితే గీతంతా ఒకవైపు జారిపోతుంది.

ఒక కాలు పాతుకుని, రెండోకాలు పైకీ కిందికీ జరుపుతూ దారం మధ్యగీత మీదికి వచ్చేదాకా చూడాలి, అక్కడ మేకు, మళ్ళీ అక్కడి నుంచి ఇంకో అడుగు. నడుస్తున్నట్టే ఉంటుంది. మేకులన్నీ కలిపి సున్నం గీత పోస్తే పాములా వంకర తిరుగుతుంది. పిల్లలు దాన్ని తిన్నగా సరిచేయబోతారు, ఆపండి. తరగతిలో వెనక బెంచీల్లో నోరు విప్పని పిల్లలు ఈ పనిలో ముందుంటారని నా అనుభవం, లెక్కలంటే టెన్షన్ పడే ఒకబ్బాయి మా బడిలో అందరికంటే బాగా గీత పట్టాడు, సమద్విబాహు త్రిభుజం వాడికి అక్కడ అర్థమైంది.

పైనుంచి కిందికి

పని ఎప్పుడూ గుట్ట పైనుంచే మొదలుపెట్టాలి. కింద వంక దగ్గర కోత పెద్దగా కనబడుతుంది కాబట్టి అక్కడే చేయాలనిపిస్తుంది, చేస్తే మొదటి పెద్ద వానకే కొట్టుకుపోతుంది. పైన నీళ్ళ వేగం తగ్గిస్తే కింది కాలవ దానంతట అదే నెమ్మదిస్తుంది.

కోత కాలవల్లో చిన్న రాతికట్టలు వేయండి. పిల్లలు చేసేది మోకాలి ఎత్తు దాటకూడదు, అంతకంటే లోతైన కాలవలు పెద్దవాళ్ళకు వదిలేయాలి. ముందు కాలవ అడుగున అర అడుగు తవ్వి పెద్ద రాళ్ళు దించి కూర్చోబెట్టాలి, కట్ట రెండు కొనలూ ఒడ్డులోకి అడుగు మేర చొచ్చుకుపోవాలి, పెద్దరాళ్ళు బయటి మొహాలకు, చిన్నవి లోపల సందుల్లోకి. ఒక్కమాట మాత్రం గోడమీద రాసిపెట్టుకోండి: కట్ట మధ్యభాగం పక్కల కంటే తగ్గు ఉండాలి. మొదటి ఏడాది నేను చూడ్డానికి బాగుంటుందని పైన సమంగా పేర్పించాను. నీళ్ళు నిండి, పోవడానికి దారిలేక, పక్క ఒడ్డు కోసుకుని కొత్త కాలవ పెట్టాయి. కట్ట అట్లే నిలబడి ఉంది, దాని పక్కన ఇంకో గండి. మంచి చేయబోయి చెడగొట్టడమంటే అదే. కట్ట కింది వైపు నీళ్ళు దూకేచోట కూడా నాలుగు చదును రాళ్ళు పరవాలి, లేకపోతే అక్కడ గుంత పడి కట్ట అడుగునుంచి జారుతుంది.

కట్టకూ కట్టకూ ఎంత దూరం? కింది కట్ట పైఅంచు, పై కట్ట అడుగు ఒకే ఎత్తులో ఉండేటట్టు చూసుకోండి, ఏ-ఫ్రేమ్ చేతిలో ఉంది కదా. రాళ్ళు మాత్రం ఆ వాలు మీద నుంచే పెరికి తేవద్దు. మట్టిని పట్టుకుని కూర్చున్న రాయిని లాగితే అక్కడ కొత్త కోత మొదలవుతుంది. పొలాల గట్ల మీద రైతులు ఏరి పోసిన రాళ్ళ కుప్పలుంటాయి, అడిగితే సంతోషంగా ఇస్తారు.

ఇక కందకాలు. సున్నం గీత మీద రెండు మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు, తీసిన మట్టి కింది వైపు గట్టుగా. ఒక్కో కందకం 500 లీటర్లు పడుతుంది. కందకానికీ కందకానికీ మధ్య ఎడం వదిలి, కింది వరసలో ఆ ఎడానికి ఎదురుగా కందకం వచ్చేలా తీయాలి. అర మీటరు లోతు ఎర్ర మొరం ఎండాకాలంలో గడ్డపారకు కూడా లొంగదు. ఒక వాన పడి మెత్తబడ్డాక, నలుగురు పిల్లలకు రెండు పూటలకు ఒక్క కందకం, అంతే అడగండి. మిగతావి ఊళ్ళో ఉపాధి పనుల్లో పెట్టించమని పంచాయతీలో అడగాలి. ఇది చదువు, కూలి పని కాదు. పిల్లలు ఒకటి తవ్వి అర్థం చేసుకుంటే చాలు, నలభై తవ్వితే అది దోపిడీ, తల్లిదండ్రులు అడిగితే మీ దగ్గర జవాబు ఉండదు.

భద్రత గురించి తక్కువలో చెప్పేస్తాను కానీ దీంట్లో ఒక్కటీ వదలొద్దు. తల్లిదండ్రుల సంతకం. ఉదయం 7 నుంచి 9.30 లోపే పని. చెప్పులు కాదు, బూట్లు. రాయి ఎత్తేముందు కర్రతో దొర్లించాలి, వేళ్ళు కిందికి పెట్టకూడదు, మా దగ్గర ఒకబ్బాయికి తేలు కుట్టింది అట్లాగే. గడ్డపార ఒకరి చేతిలో ఉంటే పక్కవాళ్ళు రెండు బారల దూరం. మజ్జిగో, ఓఆర్ఎస్సో తప్పనిసరి. పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా తాడు కట్టడం ఏదీ చేయొద్దు, కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉండే ఆస్పత్రి ఏదో ముందే తెలుసుకుని అక్కడికే తీసుకెళ్ళాలి.

గడ్డి ముందు, గింజ తర్వాత, మొక్క చివర

కందకాల గట్ల మీద తీసిన మట్టి వదులుగా ఉంటుంది, తొలి వానలకే దానిమీద గడ్డి విత్తనం చల్లాలి. బోద దొరికితే బోద, లేకపోతే స్టైలో (మేతకు వేసే పప్పుజాతి మొక్క), గరిక వేర్లు. గడ్డి పట్టుకోకపోతే గట్టు తిరిగి కందకంలోనే పడుతుంది.

చెట్ల గింజలు పోగుచేయడం పిల్లలకు ఇష్టమైన పని, దానికి ఎండాకాలమే అదను. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లిలో ఉండిన వనజీవి రామయ్య గారు, 2017లో పద్మశ్రీ అందుకున్నాయన, జీవితమంతా చేసింది ఇదే, ఎండల్లో గింజలు ఏరి సంచుల్లో దాచడం, వానలు పడగానే గట్ల వెంట, రోడ్ల వెంట నాటడం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా చింతగింజలు, కానుగ. ఆ తర్వాత వేపపండ్లు రాలతాయి. వేపగింజను దాచిపెట్టొద్దు, నెల దాటితే సరిగా మొలవదు, గుజ్జు కడిగి నీడలో ఆరబెట్టి వెంటనే వేసేయాలి. తంగేడు, తుమ్మ గింజలకు పెంకు గట్టి. కాగిన నీళ్ళు పొయ్యిమీద నుంచి దించి గింజల మీద పోసి, రాత్రంతా వదిలేసి పొద్దున నాటాలి (వేడినీళ్ళ పని పెద్దవాళ్ళదే). నల్లతుమ్మ గింజలకైతే ఇంకో దారి ఉంది, మేకల దొడ్లో పెంటలో ఏరితే వాటి కడుపులో నాని వచ్చిన గింజలు దొరుకుతాయి, బాగా మొలుస్తాయి. ఈ సంగతి మాకు చెప్పింది కూడా గొర్రెల ఇంటి పిల్లే.

గింజ ఎక్కడ నాటాలనేది గింజ కంటే ముఖ్యం. ఖాళీ నేల మధ్యలో కాదు. రేగు పొద, బలుసు పొద, కలే పొద, ఏ ముళ్ళ పొద ఉంటే దాని మొదట్లో, ఉత్తరం వైపు నీడలో, కర్రతో రెండంగుళాల గుంత చేసి చింతగింజలు మూడు. ముళ్ళే కంచె, పొద రాల్చిన ఆకే ఎరువు. ఇందుకే పని మొదటిరోజే చెత్త కదా అని ముళ్ళపొదలన్నీ నరికించేస్తే చాలా నష్టం. సర్కారు తుమ్మ సంగతి వేరు, దాన్ని తగ్గించాల్సిందే, కానీ ఒక్కసారిగా కాదు, వాలు మీద మట్టిని ప్రస్తుతానికి పట్టుకున్నది అదే. పక్కన వేరే మొక్క నిలదొక్కుకున్నాక, మొదలు నేలలోపలి నుంచి తవ్వి తీయాలి, పైకి నరికితే పదింతలు చిగురిస్తుంది.

సీడ్ బాల్స్ (గింజలు పెట్టి చేసిన మట్టి ఉండలు) గురించి అడుగుతారు కాబట్టి చెబుతాను. చేయడం పిల్లలకు సరదా. గట్టి నేలమీద విసిరి వచ్చేస్తే మాత్రం చాలా తక్కువ మొలుస్తాయి, మా లెక్కలో పొద మొదట్లో నాటిన గింజలే ఎంతో మేలు. చేయాలనుకుంటే రెండూ చేసి, రెంటికీ లెక్క రాయించి, పిల్లలనే తేల్చమనండి.

నర్సరీ మొక్కలు రెండో ఏడాదికి, అదీ కందకాల పక్కన మాత్రమే, నేల జానెడు లోతు తడిసే వాన పడ్డాకే. రెండున్నర ఎకరాలకు మేము నాటింది 60. కానుగ, నేరేడు, సీతాఫలం, ఒక జువ్వి. తక్కువగా ఉంది కదా అని అధికారులు అడిగితే రిజిస్టర్ చూపించండి. నీలగిరి, కోనోకార్పస్ ఇస్తామంటే మర్యాదగా వద్దనండి.

వేసవి, లెక్క, అప్పగింత

బడి కార్యక్రమాలన్నీ చచ్చేది ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ రెండో వారం మధ్యే. నేలకు నీళ్ళ సాయం కావాల్సింది, మంట పడేది కూడా అప్పుడే. ఫిబ్రవరిలోనే మూసిన ముక్క చుట్టూ పదడుగుల వెడల్పున గడ్డి కోసి, ఆకులు ఊడ్చి నేల కనబడేలా చేయండి, అటు నుంచి వచ్చే మంట అక్కడ ఆగుతుంది. ఊరి చివర ఇళ్ళ పిల్లల్లో ఆరుగురిని వేసవి జట్టుగా పెట్టి, వారానికి ఒక్కరోజు పొద్దున్నే తిరిగి చూసి ఫోన్ చేయమనండి. నీళ్ళు పోయాల్సి వస్తే ఆ 60 మొక్కలకే, కుండకు చిన్న చిల్లు పెట్టి గుడ్డ పీలిక దూర్చి మొదట్లో పాతితే కొద్దికొద్దిగా ఊరుతుంది. గింజ నుంచి వచ్చినవాటికి పోయొద్దు, వాటి వేరు లోపలికి తన దారి తాను వెతుక్కుంటుంది.

టైం ఎక్కడిది అంటారు. జాతీయ విద్యా విధానం 2020లో 6 నుంచి 8 తరగతుల మధ్య 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా బయట నేర్చుకోవడానికి పెట్టారు. ఆ పది రోజుల్ని ఏడాది పొడవునా పరిచి, ఎకో క్లబ్ గంటలు కలిపితే ఇదంతా సరిపోతుంది. నెలకు ఒక్క ఉదయం అనుకోండి.

లెక్కల దగ్గర ఒక జాగ్రత్త. బతికినవి ఎన్ని అని మీరు అడిగితే, తక్కువ చెబితే సార్ బాధపడతారని పిల్లలు ఎక్కువ చెబుతారు. మా దగ్గర ఒక జట్టు రెండుసార్లు అట్లా చేసింది. అందుకే ప్రశ్న మార్చాను. చచ్చినవి ఎన్ని, ఎందుకు చచ్చాయి, చూసి చెప్పండి అన్నాను. చెదలా, మేకా, ఎండా, నీళ్ళు నిలిచి కుళ్ళిందా? ఒక్కసారి కారణం వెతకడం మొదలుపెట్టాక అబద్ధం చెప్పే అవసరం వాళ్ళకు పోయింది, మంచి కారణం కనిపెట్టిన జట్టుకు చప్పట్లు కొట్టించేవాణ్ణి. మార్కులు మాత్రం దీనికి వేయొద్దు, వేశారంటే లెక్కలన్నీ మళ్ళీ పెరిగిపోతాయి.

మూడో ఏడాదికి మా చువ్వల్లో కింది రెండూ మట్టిలో అంగుళం కూరుకుపోయాయి, రాతికట్టల వెనక చేరిన మట్టిలో ఎవరూ నాటని తంగేడు మొలిచింది. చట్రంలో మొదటి ఏడాది 9 రకాలు, మూడో ఏడాది 23. మీ నేలలో ఇంకోలా ఉండొచ్చు, మీ అంకెలు మీవి.

ఆఖరు పని రిజిస్టర్ అప్పగింత. పదో తరగతి పిల్లలు పరీక్షలయ్యాక ఒక ఉదయం వచ్చి, తొమ్మిదో తరగతి వాళ్ళను వెంటబెట్టుకుని నేలంతా నడవాలి, ఒక్కో కట్ట దగ్గర, ఒక్కో చువ్వ దగ్గర ఆగి ఏం చేశారో, ఏం చెడిందో, ఏది ఈ వానలకు ముందే సరిచేయాలో నోటితో చెప్పాలి, కొత్తవాళ్ళు రాసుకోవాలి. కాపరుల్లో ఒక్కరినైనా ఆ నడకకు పిలవండి, ఒప్పందం కాగితం మళ్ళీ చదివి వినిపించండి, తర్వాతి ముక్క ఏది మూయాలో అక్కడే నిలబడి మాట్లాడుకోండి. సెలవులు ఇచ్చేశాక ఎవరూ దొరకరు, ఏప్రిల్ 20 లోపే పెట్టుకోండి.